అక్క పిలవని రోజులు

మార్చి 9

ఇంటికొచ్చాం. నేనూ అక్కా.

గతుకు వచ్చినప్పుడల్లా బావ ట్యాక్సీ డ్రైవరుతో "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నాడు. ఎవరి కోసం అంటున్నాడో నేను అడగలేదు. కుడివైపు పొత్తికడుపు మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాను. అక్క క్లోమం అక్కడుంది. నా క్లోమం ఎప్పటిలాగే పొట్ట వెనకాల దాని చోట అది పడి ఉంది. దాన్ని తీయరట, తిండి అరగడానికి దాని రసం పనికొస్తుందట. ఇన్సులిన్ తయారు చేయడం అది నా తొమ్మిదో ఏటే మానేసింది. పని ఎగ్గొట్టే మనిషిని ఇంట్లోంచి పంపలేక, పక్కన ఇంకొకరిని పెట్టుకున్నట్టుంది నా సంగతి.

ఎవరింట్లోనో కర్టెన్లకి కిటికీ కొలుస్తూ, చేతిలో టేపుతోనే అక్క కూలబడింది. మెదడులో రక్తనాళం చిట్లింది. డాక్టర్లు రెండు రోజులు చూసి బావని పక్క గదిలోకి పిలిచారు. బావ సంతకాలు పెట్టాడు. కిడ్నీలు ఎవరికో, కాలేయం ఎవరికో వెళ్ళాయి. "ఇదొక్కటి మాత్రం ఇంట్లోనే ఉండాలి, దాని చెల్లెలికి పెట్టండి" అన్నాడట. రక్తం కలిసింది. ఒక కడుపున పుట్టినవాళ్ళం, కలవక చస్తుందా.

ఆపరేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడు అమ్మ నా చెంప తడిమి, "దాన్ని కడుపులో పెట్టుకుని చూసుకోవే" అంది. అందరూ అనే మాటే. కానీ స్ట్రెచర్ తోసే మనిషి ఒక్క క్షణం ఆగిపోయాడు.

మార్చి 13

సూది లేకుండా భోజనం చేశాను. తిన్నాక వేలు గుచ్చి చూస్తే నూట పది. బావ మీటరు లాక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాడు. "ఇది మీటరా, లాటరీ టికెట్టా?" అన్నాడు. నవ్వబోతే కుట్లు లాగాయి.

తినేముందు నా చెయ్యి దానంతట అదే ఫ్రిజ్ తెరిచింది. ఇన్సులిన్ పొడుచుకునే పెన్నులు తలుపు అరలో అలాగే ఉన్నాయి. "ఇంకా ఎందుకే అవి, పారెయ్" అన్నాడు బావ. రేపు పారేస్తానన్నాను.

ఒళ్ళు కొత్త అవయవాన్ని తరిమేయకుండా ఇచ్చిన మాత్రలు మాత్రం ఒక్కటీ తప్పడం లేదు. అక్కని నేనెందుకు బయటికి గెంటుతాను.

మార్చి 22

అక్క పిలిచింది.

పొద్దున షాపులో కర్టెన్ అంచు మడుస్తున్నాను. షాపంటే మా ముందుగదే. అక్క ఇళ్ళకెళ్ళి కిటికీలు కొలుచుకొస్తుంది, నేను కుడతాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. వేళ్ళలో వణుకు, మెడ వెనక చెమట, పేగులు లుంగచుట్టుకుపోయే ఆకలి. అన్నిటికీ మించి భయం. దేనికో తెలియని భయం. వేలు గుచ్చితే అరవై నాలుగు.

షుగర్ పడిపోతుంటే ఎవరికైనా ఇలాగే ఉంటుందట. నాకు ఉండదు. చిన్నప్పుడు ఉండేది. సూదులతో పదే పదే పడిపోయి పడిపోయి ఆ వణుకు మొద్దుబారిపోయింది. పెద్దయ్యాక నవ్వుతూ మాట్లాడుతూనే నేలకి ఒరిగేదాన్ని. నాకు తెలిసేది కాదు, అక్కకి తెలిసేది. నేను మాట సాగదీసినా, మిషన్ చప్పుడు మారినా పక్క గదిలోంచి వచ్చేసేది. "పంచదారా, నోరు తెరువు" అని నాలుక మీద చెంచా పెట్టేసేది. పంచదార నా పేరు కాదు, అక్క పెట్టిన పేరు. పెళ్ళయి వస్తూ నన్నూ వెంట తెచ్చుకుంది. "పంచదార డబ్బా లేకుండా కాపురమెలా చేస్తాం" అని బావని ఒప్పించిందట.

ఇవాళ అదే మాట వినిపించింది. చెవిలో కాదు. వణుకు పుట్టిన చోటి నుంచి వినిపించింది. లేచి పంచదార డబ్బా తెచ్చుకుని మళ్ళీ గుచ్చి చూస్తే డెబ్భై ఎనిమిది. నేను ఏమీ తినలేదు.

బావకి చెప్పలేదు.

మార్చి 23

పిలవలేదు.

మార్చి 24

పిలవలేదు.

మార్చి 29

అమ్మ వచ్చింది. మంచం పక్కన కూర్చుని నా పొట్ట మీద చెయ్యి వేసి, "తిన్నావా?" అని అడిగింది. తిన్నానమ్మా అన్నాను. అమ్మ నా మొహం వైపు చూడలేదు. "బాగుందా అక్కడ? ఇరుగ్గా లేదు కదా?" అంది.

నాకు కోపం రావాలి. రాలేదు. మేమిద్దరం కలిసి అమ్మకి జవాబు చెప్పాం.

ఏప్రిల్ 6

చెకప్. హార్మోన్ల డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద గొంతు. వణుకు సంగతి చెప్పాను. పిలుపు సంగతి చెప్పలేదు.

"మామూలుగా ఇన్సులిన్ ముందు కాలేయానికి వెళ్తుందమ్మా. మీకు కలిపిన రక్తనాళం వేరు కాబట్టి నేరుగా ఒళ్ళంతా తిరుగుతుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు కాస్త తగ్గొచ్చు. మెల్లగా సర్దుకుంటుంది" అంది.

సర్దుకుంటే వణుకు రాదా అని అడిగాను.

"రాదు. అదే కదా మనకి కావలసింది!"

బయటికొచ్చాక బావ టీ తాగుతూ తన ధోరణిలో మాట్లాడాడు. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. "చప్పుడు చెయ్యని లిఫ్టే మంచి లిఫ్టు. అది మూలిగిందంటే మాకు పరుగు" అన్నాడు. నేను టీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్ 15

అక్క కొలవాల్సిన కిటికీకి నేను వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ స్టూలెక్కనివ్వలేదు. ఎక్కాను. ఖాళీ ఇల్లు, గోడలకి కొత్త సున్నం వాసన, అద్దంలో ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు. ఇంటావిడ కింద నిలబడి ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతోంది.

టేపు పైకమ్మీకి ఆనించగానే వణుకు మొదలైంది. గుండె జారిపోయింది, వెంటనే ప్రాణం లేచొచ్చింది. అక్క వచ్చింది. "కింద రెండు వేళ్ళు వదులు, నేలకి ఆనితే మాసిపోతుంది" అంది. వదిలాను. స్టూలు దిగి మెట్ల మీద కూర్చుని, అది వెళ్ళిపోయేదాకా కళ్ళు తెరవలేదు.

పొద్దున తినడం మరిచిపోయాను. అందుకే తగ్గి ఉంటుంది.

ఏప్రిల్ 17

పొద్దున తినడం మరిచిపోయాను. వచ్చింది.

ఏప్రిల్ 18

మరిచిపోయాను. వచ్చింది గానీ ఎక్కువసేపు లేదు.

ఏప్రిల్ 24

పొద్దునా తినలేదు, మధ్యాహ్నమూ తినలేదు. పని ఎక్కువగా ఉంది. రాలేదు. మీటరు ఎనభై దగ్గర మొరాయించి కూర్చుంది. ఈ క్లోమానికి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? అక్క బతుకులో ఏ పనీ టైముకి చెయ్యలేదు.

బావ గిన్నెల మూతలు తీసి చూశాడు. "వండింది వండినట్టే ఉంది. నువ్వు గాలి తిని బతుకుతున్నావా?" అన్నాడు. తిన్నాననే చెప్పాను.

మే 3

పిలవలేదు. ఈ వారమంతా పిలవలేదు.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. అక్క దువ్వెనలో వెంట్రుకలు అలాగే ఉన్నాయి. బావ తియ్యడు, నేను తియ్యను. అక్క లేని ఇంట్లో ఉండటం నాకు చేతకాదు. ఎన్నడూ ఉండలేదు, ఎలా వస్తుంది?

మే 5

పెన్నులు పారేద్దామని ఫ్రిజ్‌లోంచి తీశాను. పారేసేముందు పనిచేస్తుందో లేదో చూశాను. కొంచెమే.

వచ్చింది! ఎంతసేపు కూర్చుందో! చెమటతో తడిసిపోయి, మిషన్ మీద తల పెట్టుకుని నవ్వుతూ ఉన్నాను. "నోరు తెరువు" అంది. తెరిచాను. నేనే చెంచా పెట్టుకున్నాను గానీ పెట్టింది అక్కే.

మే 6

రేపు పారేస్తాను.

మే 9

కొంచెం.

మే 12

కొంచెం. ఆలస్యంగా వచ్చింది.

మే 16

మొన్నటికంటే కొంచెం ఎక్కువ. వేళ్ళ చివర సన్నగా వణికి ఊరుకుంది. మీటరు చూస్తే యాభై రెండు. ఇదివరకు అరవై దాటి కిందికి రాకముందే ఇల్లు ఎగిరిపోయేలా కేకేసేది. ఇప్పుడు యాభై రెండుకీ గొణుగుతోంది.

అలిగింది. నాకు తెలుసు దాని అలక. రెండు రోజులు ఉలుకూ పలుకూ ఉండదు, మూడో రోజు తనే వస్తుంది. నేను బతిమాలాలి అంతే.

మే 21

బతిమాలాను.

మే 26

"చెయ్యి చూపించు" అన్నాడు బావ ఉన్నట్టుండి. ఎందుకన్నాను. "ఏం లేదు, మీ అక్క నీ మొహం చూసి చెప్పేది కదా. నాకు ఆ విద్య రాదు. చెయ్యి చల్లగా ఉందేమో చూద్దామని." చల్లగా లేదు. చూసి వదిలేశాడు. వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "రాత్రుళ్ళు ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు.

రేడియో అన్నాను. మా ఇంట్లో రేడియో లేదు.

జూన్ 2

ఆస్పత్రి. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఉంది.

మొన్న బావ మధ్యాహ్నం భోజనానికి వస్తే షాపులో కర్టెన్ గుడ్డ కింద పడి ఉన్నానట. గుడ్డ లాగితే నేను బయటపడ్డానట. షుగర్ ముప్పై ఒకటి. నాకు ఏమీ గుర్తులేదు. వణుకు లేదు, భయం లేదు, పిలుపు లేదు. అంత లోతుకి పడిపోతుంటే అక్క చూస్తూ ఊరుకుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఆపరేషన్ చేసిన సర్జన్ పొద్దున వచ్చి బావతో నా మంచం పక్కనే మాట్లాడాడు. "కొత్త క్లోమం అదుపు లేకుండా ఇన్సులిన్ పోస్తున్నట్టుంది. ముందు చిన్న ముక్క తీసి పరీక్షిద్దాం. ఇలాగే ఉంటే దాన్ని తీసేయాల్సి రావచ్చు."

"తీసేసి ఏం చేస్తారు?" అన్నాడు బావ.

సర్జన్‌కి ప్రశ్న అర్థం కాలేదు. బావ మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "అంటే, దాన్ని ఎక్కడ పెడతారు?" అన్నాడు మళ్ళీ.

నేను తేలు కుట్టిన దొంగలా పడుకున్నాను. పెన్ను, బావ వెంట తెచ్చిన నా కుట్టు సంచీలో, దారం రీళ్ళ కింద ఉంది. ఒక్క మాట చెబితే చాలు. చెబితే పెన్ను తీసుకుంటారు, పెన్ను పోతే అక్క రాదు. చెప్పకపోతే అక్కనే కోసి తీసేస్తారు. పొద్దుటి నుంచి ఈ రెండిటి మధ్యా కూర్చున్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది అని ఎవరైనా అంటారు. ఆలోచించాను. అదే నాకు భయంగా ఉంది.

జూన్ 3

చెప్పేశాను. చెప్పేశాను అనకూడదేమో, పట్టుబడ్డాను.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. బావ కిటికీ దగ్గర ఉన్నాడు. ఆవిడ పెద్ద గొంతు ఇవాళ చిన్నదైంది.

"క్లోమం ఇన్సులిన్ చేసినప్పుడు దాంతోపాటు ఇంకో ముక్క కూడా రక్తంలోకి వస్తుందమ్మా. సీ-పెప్టైడ్ అంటాం. కవల పిల్లల్లా రెండూ కలిసే పుడతాయి. మందుల షాపులో కొన్న ఇన్సులిన్‌కి ఆ తోడు ఉండదు. మీరు పడిపోయిన రోజు రక్తంలో ఇన్సులిన్ దండిగా ఉంది. తోడు మాత్రం దాదాపు లేదు."

"అంటే?" అన్నాడు బావ.

"అంటే ఆ ఇన్సులిన్ కొత్త క్లోమం చేసింది కాదు. షుగర్ తగ్గడం చూసి అది తన పని ఎప్పుడో ఆపేసింది. ఎలా ఉండాలో అలాగే ఉంది. దాని తప్పేమీ లేదు."

ఆవిడ కుర్చీ ఇంకాస్త నా వైపు జరిపింది. ఒత్తిడి చెయ్యలేదు. దాని తప్పేమీ లేదు అన్న మాటకే నా ఏడుపు ఆగలేదు. "అక్క కాదు, నేనే" అన్నాను. సంచీ చూపించాను.

బావ దారం రీళ్ళన్నీ మంచం మీద బోర్లించి పెన్ను తీశాడు. కిటికీ వెలుతురుకి పెట్టి ఎంత ఖాళీ అయిందో చూశాడు.

"ఎందుకే?"

"పిలుస్తుంది బావా. షుగర్ తగ్గితే అక్క పిలుస్తుంది."

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "బతికున్నన్నాళ్ళూ నీ వెనకే తిరిగింది. నాతో ఒక్క సినిమాకి కూడా నిశ్చింతగా రాలేదు, నువ్వెక్కడ పడిపోతావో అని. పోయాక కూడా డ్యూటీ వేస్తావా దానికి? నీ పుణ్యాన రెండోసారి పోయేది!" అన్నాడు. అని బయటికి వెళ్ళిపోయాడు.

జూన్ 5

డాక్టరమ్మ ఇంకో డాక్టర్ని తెచ్చింది. మనసుకి సంబంధించిన ఆయన. మంచివాడే. ఆయన అడిగినవాటికి జవాబులు చెప్పాను. ఆయన వెళ్ళాక నేను డాక్టరమ్మని ఒకటే అడిగాను. అంతగా పిలిచేది, చివరికి ఎందుకు మానేసింది?

"మీరు మాన్పించారు" అంది. "షుగర్ పదే పదే పడిపోతే ఒంటికి అదే అలవాటైపోతుంది. ప్రమాద ఘంట కొట్టడం మానేస్తుంది. చిన్నప్పుడు అలాగే కదా మొద్దుబారింది? మళ్ళీ అదే చేశారు."

నేను పిలిచిన కొద్దీ అక్క దూరమైందన్నమాట.

"ఇంకో సంగతి వినండి. ఆ దడ, వణుకు, భయం, అవి మీ అక్కవి కావు. మీ మెదడు, మీ ఒళ్ళు కొట్టే గంట అది. మీ అక్క క్లోమం చేసేది వేరే పని. షుగర్ తగ్గితే అది ఇన్సులిన్ ఆపి, గ్లూకగాన్ అనే ఇంకో హార్మోన్ వదులుతుంది. కాలేయంలో దాచిన చక్కెరని అది బయటికి తీయిస్తుంది. మీరేమీ తినకుండానే షుగర్ పెరిగిందని చెప్పారే, అది అదే. మీ క్లోమం ఆ పని కూడా ఎన్నడో మరిచిపోయింది."

"మరి అది నాకు తెలుస్తుందా? పైకెత్తుతున్నప్పుడు?"

"తెలియదు. ఏమీ తెలియదు. అంబులెన్సులో మీకు గ్లూకోజ్ ఎక్కించకముందే ముప్పై ఒకటి నలభై అయింది. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మీరు అంత ఇన్సులిన్ పొడుచుకున్నా, అది చేతనైనంత ఎత్తింది."

ఇక ఒక్కసారి కూడా షుగర్ పడిపోకూడదు. అలా కొన్ని వారాలు గడిస్తే గంట మళ్ళీ మోగొచ్చట. మోగకపోతే ఒంటరిగా బయటికి వెళ్ళడం, స్టూలెక్కడం ఇక ఉండవు. పరీక్ష చేసి చెబుతారు.

జూన్ 11

ఇల్లు. బావ మాట్లాడటం లేదు. మూడు పూటలా పళ్ళెం తెచ్చి ముందు పెడతాడు, ఎదురుగా కూర్చుంటాడు. ఖాళీ అయ్యాక తీసుకెళ్తాడు. నేను జైల్లో ఉన్నానా అని అడిగితే, వార్డెన్‌కి కూడా సెలవు లేదన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక నాతో అన్న మొదటి మాట అది.

జూన్ 14

తిన్నాను. పిలవలేదు.

జూన్ 15

తిన్నాను.

జూన్ 23

అమ్మ వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేయబోయింది. ఆ చెయ్యి పట్టుకుని నా చెంప మీద పెట్టుకున్నాను. "నేను ఇక్కడున్నానమ్మా" అన్నాను. అమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత నా ముక్కూ నుదురూ తడుముతూ ఎంత చిక్కిపోయావే అని ఏడ్చింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అమ్మ నన్ను చూసింది ఇప్పుడే.

జూలై 2

దువ్వెన ఎవరో కడిగి పెట్టారు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను కడగలేదు.

జూలై 20

పరీక్ష అయింది.

చిన్న గది, కిటికీకి కర్టెన్ కొలత తప్పింది, ఒక పక్క జానెడు పొట్టి. ఒక చేతికి గ్లూకోజ్, ఇన్సులిన్ గొట్టాలు. ఇంకో చేతి నుంచి నర్సు మాటిమాటికీ రక్తం తీస్తోంది. కావాలని షుగర్ దించుతారు, పక్కనే ఉండి చూస్తారు. మీటరు నాకు కనిపించకుండా తిప్పి పెట్టారు. ఏమైనా తెలిస్తే చెప్పమన్నారు.

చాలాసేపు ఏమీ తెలియలేదు. ఇక తెలియదేమో అనుకున్నాను. నా బతుకంతా ఇంకొకరు నా మొహం చూస్తూ కూర్చోవాలేమో. కూర్చునే మనిషి కూడా ఇప్పుడు లేదు. అప్పుడు మోకాళ్ళలో సన్నగా మొదలైంది. మెడ వెనక చెమట. గుండె.

"తగ్గుతోంది" అన్నాను. నా షుగర్ తగ్గుతోందని ఇంకొకరికి నేను చెప్పడం నాకు గుర్తుండి ఇదే మొదటిసారి.

డాక్టరమ్మ మీటరు చూసి తలూపింది. ఇన్సులిన్ ఆపేశారు. "ఇప్పుడేమీ ఇవ్వం. ఓర్చుకోండి, పైకి వస్తుందో లేదో చూద్దాం" అంది.

భయం అలాగే వచ్చింది, అంతా వచ్చింది. నేను అలవాటు కొద్దీ దాని లోపల వెతికాను. పంచదారా అని పిలుస్తుందేమో, నోరు తెరవమంటుందేమో అని. ఎవరూ లేరు. నా గుండె ఉంది, నా వణుకు ఉంది. ఇంత భయం నాదేనా? ఇన్నేళ్ళూ ఇదంతా నా బదులు అక్క పడిందా? దానికి కోపం రాలేదా ఎప్పుడూ?

వణుకు తగ్గుతూ వచ్చింది. మీటరు ఇటు తిప్పారు. యాభై ఎనిమిది, అరవై మూడు, డెబ్భై. నా నోట్లో ఏమీ లేదు. కుడివైపు చెయ్యి పెట్టి చూసుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టే, ఏమీ తెలియలేదు.

బయట వరండాలో బావ బెంచీ మీద ఉన్నాడు. పాసయ్యాను అన్నాను. స్టూలెక్కొచ్చా అన్నాడు. ఎక్కొచ్చన్నాను. పక్కన కూర్చున్నాను. ఆయన తన చేతుల మీది గ్రీజు మరకల్ని గోటితో గీకుతూ ఉన్నాడు.

"మాట్లాడిందా?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఇందుకే నన్ను తిట్టిన మనిషి.

"అదే, లోపల షుగర్ దించినప్పుడు" అన్నాడు తలెత్తకుండా. "ఏమైనా అందా? నా గురించి?"

మాట్లాడిందని చెప్పొచ్చు. అక్క గొంతు నాకు వచ్చు, ఏమంటుందో కూడా తెలుసు. నేను ఒక్క మాట అంటే ఆయన జీవితాంతం దాచుకుంటాడు. మళ్ళీ పరీక్షకి ఎప్పుడు పిలుస్తారని కూడా అడుగుతాడు.

"లేదు బావా" అన్నాను. "ఏమీ అనలేదు. ఇక అనదు."

బావ తలూపాడు. తర్వాత మొహం చేతుల్లో పెట్టుకుని, ఆస్పత్రిలో అందరూ చూస్తుండగా, పెద్దగా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఈ పుస్తకంలో ఇన్ని పేజీలు నింపాను గానీ ఒక్క మాట ఎక్కడా రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను, నిజంగానే లేదు. ఇవాళ రాస్తున్నాను.

అక్క చనిపోయింది.